గిరీశ్ ఇచ్చిన వకాల్తా

ఉత్తర కలకత్తాలో బాగ్‌బజార్ దగ్గర రోడ్డు ఒకచోట రెండు పాయలుగా చీలి, ఒక పాత ఇంటిని మధ్యలో ఉంచి, మళ్లీ కలుస్తుంది. ఆ రోడ్డు పేరు గిరీశ్ అవెన్యూ. ఆ ఇల్లు గిరీశ్ చంద్ర ఘోష్‌ది. నగరం పెరిగి కొత్త రోడ్డు వచ్చినప్పుడు, ఆ ఇంట్లో మిగిలిన భాగాన్ని పడగొట్టడానికి మనసొప్పక రోడ్డునే పక్కకు తిప్పారు. బెంగాలీ నాటకరంగానికి ఆయన చేసినదానికి అది తగిన గౌరవమే. కానీ ఆ ఇంటి ముందు నిలబడినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆయన నాటకాలు కావు, ఆయన ఒక మనిషికి ఇచ్చిన వకాల్తా.

గిరీశ్ 1844లో ఈ బాగ్‌బజార్‌లోనే పుట్టాడు. చిన్నతనంలోనే తల్లి పోయింది, కొద్ది ఏళ్లకు తండ్రీ పోయాడు. బడి చదువు నిలకడగా సాగలేదు. ఇంగ్లీషు కంపెనీల్లో లెక్కలు రాస్తూ, రాత్రుళ్లు నాటకాలాడుతూ పెద్దవాడయ్యాడు. 1874లో మొదటి భార్య చనిపోయింది. కొన్నాళ్లకు, ఎక్కువ జీతమిచ్చే కొలువు వదిలేసి తక్కువ జీతానికి నేషనల్ థియేటర్ నడపడానికి వెళ్లాడు. నాటకం ఆయనే రాసేవాడు, ఆయనే నేర్పేవాడు, ముఖ్యమైన వేషమూ ఆయనే కట్టేవాడు. తాగేవాడు, అది చాటుగా కూడా కాదు. గురువన్న మాట గిట్టదనేవాడు, ఒక మనిషి ఇంకో మనిషికి దారి చూపించడమేమిటని వాదించేవాడు. చిన్నప్పటి నుంచి ఒక్కొక్క ఆసరా పోతూ వచ్చినవాడికి అన్నీ తన చేతిలోనే ఉండాలన్న పట్టుదల ఎందుకు వస్తుందో నేను అర్థం చేసుకోగలను. చెయ్యి వదిలితే పోతుందని అనుభవం నేర్పింది కాబట్టి, దొరికినదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

అటువంటివాడి దగ్గరికి 1884 సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస నాటకం చూడటానికి వచ్చారు. బీడన్ స్ట్రీట్‌లోని స్టార్ థియేటర్‌లో ఆ రోజు ‘చైతన్య లీల’ ఆడుతున్నారు. వంగదేశపు భక్తి మహాపురుషుడు చైతన్యుడి కథ. పరమహంసకు టికెట్ అక్కర్లేదని, వెంట వచ్చినవాళ్లకు మాత్రం కావాలని గిరీశ్ అన్నాడట. ఎదురెళ్లి నమస్కరించబోతే ఆయనే ముందు నమస్కరించారు. తిరిగి నమస్కరిస్తే మళ్లీ నమస్కరించారు. ఇది తెమిలేలా లేదని గిరీశ్ మనసులోనే దండం పెట్టుకుని, ఆయన్ని మేడమీద బాక్సులో కూర్చోబెట్టి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో థియేటర్‌లో వేషం కట్టే స్త్రీలు వేశ్యావాటికల నుంచి వచ్చినవాళ్లు. పెద్దమనుషులు అటు తొంగిచూడటమే తప్పనుకునే కాలం. దక్షిణేశ్వరం పూజారి అక్కడికొచ్చి, చైతన్యుడి వేషం కట్టిన బినోదినిని ఆశీర్వదించి వెళ్లడం కలకత్తాకు మామూలు విషయం కాదు. ఆ బినోదిని గురించి తర్వాత చెప్తాను. ఆమె లేకుండా ఈ కథ చెప్తే అది సగం అబద్ధమవుతుంది.

తర్వాత గిరీశ్ ఆయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. తాగిన మత్తులో ఒక రాత్రి ఆయన్నే నానా మాటలూ తిట్టాడు. తిట్టించుకున్నవారు బండి కట్టించుకుని తిట్టినవాడి ఇంటికి వచ్చారు. తాగుడు మానెయ్యమని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి ఒకనాడు గిరీశే అడిగాడు, ఇప్పటి నుంచి నేనేం చెయ్యాలని. ఇప్పుడు చేస్తున్నదే చెయ్యి, కాకపోతే పొద్దునా సాయంత్రం ఒకసారి దేవుణ్ని తలచుకో అన్నారు పరమహంస. అందులో కష్టమేముంది? ఎవరైనా తలూపి వచ్చేసేవారు. గిరీశ్ మాట్లాడలేదు. ఏ పూట ఎక్కడ తింటాడో, ఎప్పుడు పడుకుంటాడో తనకే తెలియని బతుకు. మాటిచ్చి తప్పితే? పోనీ, తినే ముందు, పడుకునే ముందు అన్నారు. అదీ పలకలేదు. అప్పుడు పరమహంస నవ్వి, అదీ చేతకాదంటావా, సరే, వకాల్తా నాకిచ్చెయ్ అన్నారు. నీ తరఫున చెయ్యాల్సింది నేను చేస్తాను, నువ్విక ఏమీ చెయ్యక్కర్లేదు.

గిరీశ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. జపం తప్పింది, నియమం తప్పింది, మనసుకు హాయి.

ఈ సంగతి స్వామి శారదానంద రాసిన పరమహంస జీవిత చరిత్రలో ఉంది. గిరీశ్‌ని దగ్గరగా ఎరిగినవారు ఆయన. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడితో ఆగిపోయి ఉంటే, దీన్ని నేను ఒక ముచ్చటైన భక్తుడి కథగానే గుర్తుపెట్టుకునేవాణ్ని. కానీ తర్వాత జరిగింది చదివాక ఈ వకాల్తా నన్ను వదల్లేదు. కొన్నాళ్లకు ఏదో చిన్న విషయంలో గిరీశ్ ‘అది నేను చేస్తాను’ అన్నాడట. పరమహంస వెంటనే ఆపారు. ‘నేను చేస్తాను’ అంటావేమిటి, చెయ్యలేకపోతే? దేవుడి దయ ఉంటే చేస్తాను అనాలి. అప్పుడు గిరీశ్‌కి తట్టింది, తాను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో. జపం చేసేవాడికి లెక్క పూర్తయితే విశ్రాంతి ఉంటుంది. వకాల్తా ఇచ్చినవాడికి ఆ విశ్రాంతి లేదు. వేసే ప్రతి అడుగులో, తీసే ప్రతి శ్వాసలో చూసుకోవాలి, ఇది ఆయన మీద భారం వేసి చేస్తున్నానా, నా అహంకారంతో చేస్తున్నానా అని. ఇందులో ఇంత ఉందని నాకప్పుడేం తెలుసు అని తర్వాతి రోజుల్లో చెప్పుకునేవాడు గిరీశ్.

మా తాతయ్య విజయనగరంలో ప్లీడరు గుమాస్తా. వకాల్తానామా మీద పల్లెటూరి కక్షిదారులు వేలిముద్రలు వేయడం చిన్నప్పుడు చూశాను. వేలిముద్ర వేసి, ఇంక నాకేం పనిలేదు కదండీ అన్నవాళ్లకు తాతయ్య ఒకటే చెప్పేవాడు. “నోరు ఆయనకిచ్చావు గానీ కేసు ఇవ్వలేదు బాబూ. కేసు నీదే.” వాయిదాకి రావాలి. దస్తావేజులు తేవాలి. సాక్షుల్ని బతిమాలుకుని తీసుకురావాలి. అన్నిటికన్నా ముఖ్యం, నీ వకీలు దగ్గర నిజం దాచకూడదు. కానీ వాదన జరుగుతున్నప్పుడు మధ్యలో లేచి మాట్లాడకూడదు. తీర్పు ఎలా వస్తుందో వరండాలో ఎదురుపడ్డ ప్రతివాణ్నీ అడగకూడదు. ఆయన చెప్పిన ఈ రెండు జాబితాలూ నాకిప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి, చెయ్యాల్సినవి ఒకవైపు, చెయ్యకూడనివి ఇంకోవైపు. మనం ‘వదిలెయ్’ అన్న మాట వాడేటప్పుడు ఈ రెండిటినీ కలిపేస్తాం. చెయ్యాల్సినవి మానేసి, దాన్ని వైరాగ్యమనుకుంటాం. చెయ్యకూడనివి చేస్తూ, దాన్ని బాధ్యత అనుకుంటాం.

గిరీశ్ ఏం మానలేదు. వకాల్తా ఇచ్చాక ఆయన పాతికేళ్లకు పైగా బతికాడు. ఆ పాతికేళ్లూ రాశాడు, నేర్పాడు, ఆడాడు. ఆయన చెబుతూ ఉంటే పక్కన కూర్చుని రాసేవాళ్లు అందుకోలేకపోయేవారట. 1893 జనవరిలో మినర్వా థియేటర్‌లో తాను బెంగాలీ చేసిన ‘మాక్బెత్’ ఆడించి, తనే మాక్బెత్ వేషం కట్టాడు. తెలిసినవాళ్లు మెచ్చుకున్నారు, జనం రాలేదు. (అంతకు కొద్ది నెలల ముందే, 1892లో, మా విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి రంగస్థలం ఎక్కింది. గిరీశ్, గురజాడ ఒకే కాలంలో రెండు ఊళ్లలో ఒకే రకం ప్రేక్షకుల ముఖాల్లోకి చూస్తున్నారన్న ఊహ నాకు చాలా ఇష్టం. గిరీశ్ కూడా ఆ తర్వాత ఆడపిల్లల పెళ్లి బేరాల మీద ‘బలిదాన్’ రాశాడు.) ‘మాక్బెత్’ ఆడకపోతే మరో నాటకం. 1905 బెంగాల్ విభజన రోజుల్లో ‘సిరాజుద్దౌలా’, మరుసటి ఏడు ‘మీర్ కాసిం’, ఆ పైన ‘ఛత్రపతి శివాజీ’. ఈ నాటకాలను బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఏళ్ల తరబడి కష్టపడిన పని ఒక్క ఉత్తరువుతో మూలబడితే ఇంకొకరైతే ఏమయ్యేవారో. 1911 వానాకాలంలో ఉబ్బసంతో బాధపడుతూనే ‘బలిదాన్’లో తండ్రి వేషం కట్టి, ఒంటి మీద బట్ట లేకుండా చలిలో నిలబడి ఆడాడు. అదే ఆయనకు చివరి నాటకమైంది. 1912 ఫిబ్రవరిలో పోయాడు.

ఆడటం తన పని. జనం వస్తారా, సర్కారు ఊరుకుంటుందా అన్నవి తన చేతిలో లేవు. ఈ గీత ఎక్కడుందో అంత స్పష్టంగా చూసిన మనిషికి, పని చెయ్యడానికి ఉన్న బలమంతా పనికే దక్కింది. ఫలితం మీద కాపలా కాయడానికి మనం ఎంత ఖర్చుపెడతామో, ఆ ఖర్చు ఆయనకు మిగిలింది. నేను బలం అంటున్నది దీన్నే. గుండె రాయి చేసుకోవడం ఇందులో లేదు. రెండో భార్య పోయినప్పుడు, అపురూపంగా చూసుకున్న చిన్న కొడుకు పసివాడిగానే పోయినప్పుడు గిరీశ్ రాయిలా ఉండలేదు. మనసు తిరగబడేది. అప్పుడే తనను తాను పట్టుకునేవాడు, వకాల్తా ఇచ్చేశావు కదా, ఇప్పుడు నువ్వెవరివి అడగడానికని. ఆ రోజుల్లో అడగకుండా ఉండటానికే ఆయన శక్తంతా పోయి ఉంటుంది.

మన పోతన గజేంద్రుడిని కూడా మనం సగమే గుర్తుపెట్టుకున్నాం. అన్నీ వదిలి పిలిచిన ఘట్టమే అందరికీ నోటికొస్తుంది. ఆ ఏనుగు అంతకు ముందు మొసలితో వెయ్యేళ్లు పోరాడిందన్న సంగతి వెనక్కి పోతుంది. మడుగులో దిగగానే పిలిచి ఉంటే అది వేరే కథ. తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, అది ఎక్కడితో ఆగుతుందో ఖాయంగా తెలుసుకున్నాకే పిలిచింది. ఎంతవరకు మనవల్ల అవుతుందో తెలియకుండా వదిలేదాన్ని నేను శరణాగతి అనలేను.

మా అమ్మకు పార్కిన్సన్స్. విజయనగరంలో అక్క దగ్గర ఉంటుంది. నేను ఉద్యోగం మీద కలకత్తా వచ్చేనాటికి ఆమె చేతి వణుకు ఒక్కటే. తర్వాత నడక కుంచించుకుపోయింది, ముఖంలో నవ్వు బిగుసుకుపోయింది, మాట గొంతులోనే ఉండిపోతోంది. మందు వేసిన గంటలో కాస్త తేరుకుంటుంది, మందు దిగిపోయే వేళకు మళ్లీ కొయ్యబారిపోతుంది. మందుతో లక్షణాలు తగ్గుతాయి గానీ ఈ జబ్బు వెనక్కి తిరగదని డాక్టరుగారు ముందే చెప్పారు. అది విన్న తర్వాత కూడా మనిషి మనసు ఏదో ఒక తాడు పట్టుకోవాలనే చూస్తుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికి దొరికే తాడు ఫోనొక్కటే. పొద్దున మాత్ర ఎన్నింటికి వేశారు? గుడ్డు పెట్టిన వెంటనే వేశారా, కాస్త ఆగి వేశారా? బాత్‌రూమ్‌లో కమ్మీ బిగించారా? ఒకరోజు అక్క అంది, “ఒరే, నువ్వక్కడ భయపడితే ఇక్కడ అమ్మ చెయ్యి వణకడం ఆగదురా. నాకు అప్పజెప్పావు కదా, నన్ను చూసుకోనీ.”

వకాల్తా అన్న మాట వాడలేదు గానీ, ఆమె చెప్పింది అదే. నోరు నాకిచ్చావు, మధ్యలో లేచి మాట్లాడకు. నా వంతు పనులు నాకుండనే ఉన్నాయి. మందుల డబ్బు, ఆర్నెల్లకోసారి విశాఖపట్నంలో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లే రోజుకు హౌరాలో రైలెక్కి అక్కడ ఉండటం, రోజూ రాత్రి అమ్మతో ఒక్క పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో జబ్బు ఊసు ఎత్తకుండా బాగ్‌బజార్ ఘాట్ దగ్గర చూసిన పడవ గురించో, కుమార్తులీలో గడ్డి చుట్టి మట్టి పూస్తున్న దుర్గ బొమ్మల గురించో చెప్పడం మొదలుపెట్టాక, అమ్మ గొంతులో ఇరుక్కున్న మాటలు కొన్ని పైకి రాసాగాయి. పెళ్లయిన కొత్తలో నాన్నతో చూసిన ‘దేవదాసు’ సినిమా కబురు ఆమె నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇది కలకత్తా కథేనని, రాసినాయన బెంగాలీ అని తెలిసి చాలాసేపు ఊఁ కొట్టింది. మాత్రల లెక్క అడుగుతూ ఉంటే ఈ కబురుకు చోటుండేది కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు అనుకూలంగా ముగుస్తుంది. కానీ అప్పజెప్పిన ప్రతిచోటా తీసుకున్నవాళ్లు ఒకరుంటారు. పరమహంస కోతిపిల్ల, పిల్లికూన సంగతి చెప్పేవారు. మన వైష్ణవ సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉన్న పోలికే. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుని వేళ్లాడుతుంది. పిల్లికూన ఏమీ పట్టుకోదు, మ్యావ్ అంటుంది, అంతే. తల్లి ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ఈ పోలిక విన్నవాళ్లందరం కూన ఎంత నిశ్చింతగా ఉందో చూస్తాం. మెడ దగ్గర పళ్లతో జాగ్రత్తగా పట్టుకుని, మేడ నుంచి వంటింటికి, వంటింటి నుంచి బూడిదగుంట దగ్గరికి తిరిగే తల్లిని ఎవరం చూడం. దాని నోరు ఎంతసేపు నొప్పి పుడుతుందో ఎవరూ అడగరు.

పరమహంసకు గొంతులో పుండు లేచింది 1885లో. చూసిన డాక్టర్లు అది క్యాన్సరన్నారు. శ్యాంపుకూర్‌లో కొన్నాళ్లుంచి, డిసెంబరులో కాశీపూర్ తోట ఇంటికి తీసుకెళ్లారు. 1886 ఆగస్టు 16న అక్కడే పోయారు. అందరి పాపాలూ తన మీద వేసుకున్నందుకే ఈ జబ్బు వచ్చిందని గిరీశ్ నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేను తర్కించను. వకాల్తా ఇచ్చినవాడు తీసుకున్నవాడి గొంతు వైపు చూశాడన్నదే నాకు ముఖ్యం. ఆ తర్వాత భార్యనూ కొడుకునూ పోగొట్టుకుని, 1891లో గిరీశ్ జయరాంబాటి వెళ్లాడు. పరమహంస భార్య శారదాదేవి పుట్టిల్లు అది. అక్కడ ఉన్నన్నాళ్లూ పక్క మీద దుప్పటీ దిండు గలేబూ తెల్లగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. శారదాదేవే వాటిని చెరువుకు తీసుకెళ్లి సబ్బు పెట్టి ఉతుకుతోందని తర్వాత తెలిసింది. కలకత్తా థియేటర్లను శాసించిన మనిషి, అమ్మా అని పిలిచి తన బరువు దించుకున్న చోట, ఆ అమ్మ చేతులు దుప్పట్లు ఉతుకుతున్నాయి. ఆయనకు సంతోషమూ కష్టమూ రెండూ కలిగాయని చెబుతారు. అక్క ఇంట్లో రోజుకు ఎన్ని దుప్పట్లు మార్చాల్సి వస్తోందో నాకు తెలుసు.

ఇక బినోదిని.

ఆమె 1874లో, పన్నెండేళ్లయినా నిండకుండా, కొద్దిపాటి జీతానికి గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేరింది. గిరీశ్ శిష్యరికంలో కలకత్తాలోకెల్లా గొప్ప నటి అయింది. కొత్త థియేటర్ కట్టాలని గిరీశ్ బృందం అనుకున్నప్పుడు గుర్ముఖ్ రాయ్ అనే మార్వాడీ యువకుడు డబ్బు పెడతానన్నాడు. షరతు ఒక్కటే, బినోదిని తన దగ్గర ఉండాలి. థియేటర్ సంగతి వదిలేస్తే యాభై వేల రూపాయలు ఆమె చేతికే ఇస్తానని కూడా అన్నాడు. ఆమె ఆ డబ్బు కాదని, థియేటరే కట్టమంది. దానికి తన పేరులోని మొదటి అక్షరం పెడతామని తోటివాళ్లు మాటిచ్చారు. రిజిస్ట్రేషన్ అయి తిరిగొచ్చాక చూస్తే, పేరు ‘స్టార్’. వేశ్య పేరు పెడితే జనం రారన్నారు. 1883 జూలై 21న గిరీశ్ ‘దక్షయజ్ఞం’తో ఆ థియేటర్ తెరుచుకుంది. సతీదేవి వేషం బినోదినిది. మూడేళ్లు తిరిగేసరికి, పేరు శిఖరాన ఉండగా, ఆమె నటన మానేసింది. తర్వాత తన కూతురిని బడిలో చేర్పించాలని తిరిగింది. ఆ తల్లి పిల్లని బడులు చేర్చుకోలేదు. 1904లో ఆ పిల్లా పోయింది.

పరమహంస జబ్బుగా ఉన్నప్పుడు, ఆమె వంటివాళ్లను లోపలికి రానివ్వరని తెలిసి, దొర వేషంలో కోటూ టోపీ పెట్టుకుని వెళ్లి చూసి వచ్చింది బినోదిని. ఆమె ఎవరో తెలిశాక ఆయన మెచ్చుకున్నారు. శరణాగతిలో ఆమె ఎవరికీ తీసిపోదు. తనకు జరిగినదాన్ని మాత్రం ఆమె వదల్లేదు. రాసింది. ‘అమార్ కథా’ పేరుతో 1912లో అచ్చయింది. దానికి ముందుమాట రాయమని గురువు గిరీశ్‌నే అడిగింది. ఆయన రాసిచ్చాడు. ఆమెకు నచ్చలేదు, జరిగిన నిజాలు కొన్ని అందులో లేవంది. చేదు నిజాలు అన్నివేళలా బయటపెట్టకూడదన్నాడు గిరీశ్. అయినా మళ్లీ రాస్తానన్నాడు. రాయకుండానే పోయాడు.

గిరీశ్‌ని నేను ఎంత ప్రేమించినా, ఈ విషయంలో నేను బినోదిని పక్షమే. తన చేతిలో లేనిదాన్ని గిరీశ్ తనంతట తాను వదిలాడు. బినోదినిని వదిలెయ్యమన్నది మనుషులు చేసిన పనిని. పేరు మార్చింది విధి కాదు, రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లిన కొందరు మగవాళ్లు. బడి తలుపు మూసింది దైవం కాదు. మనుషుల చేతిలో ఉన్నదాన్ని దైవం ఖాతాలో రాసి, పోనీలే అమ్మా వదిలెయ్ అని చెప్పడం మన ఇళ్లలో కూడా రోజూ జరుగుతుంది, ఎక్కువగా ఆడవాళ్లకే చెబుతారు. ఎవరి వకాల్తా మీద వాళ్లే సంతకం పెట్టాలి. పక్కవాళ్ల వేలు పట్టుకుని ముద్ర వేయిస్తే అది చెల్లదని మా తాతయ్యకు కూడా తెలుసు. ఫలితం తన చేతిలో లేదని బినోదినికి తెలుసు. చదివేవాళ్లు ఏమంటారో, గురువు ఏమనుకుంటాడో, అది కూడా ఆమె చేతిలో లేదు. రాయడం చేతిలో ఉంది కాబట్టి రాసింది. 1941లో ఆమె పోయింది. హాతీబాగాన్‌లో తర్వాత కట్టిన స్టార్ థియేటర్‌కి ‘బినోదినీ థియేటర్’ అని పేరు మారుస్తున్నట్టు 2024 డిసెంబరు చివర ప్రకటించారు. ఆ ప్రకటన వచ్చిన వారంలో నేను అటు వెళ్లి చూశాను. ట్రాము పట్టాలు దాటుతూ ఒక పెద్దావిడ, తన మనవరాలికి కాబోలు, ఆ భవనం వైపు చెయ్యి చూపించి ఏదో చెబుతోంది.

బినోదిని గురించి ఆలోచించాక నేను అక్కను నేరుగా అడిగాను, ఈ పనంతా నువ్వు ఒప్పుకున్నదా, నీ మీద పడ్డదా అని. చాలాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నదే గానీ, ఎవరైనా ఒకసారి అడిగితే బాగుండుననిపించేదంది. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో కూతురి దగ్గర పది రోజులు కూడా ఉండలేదంది. ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. కలకత్తాలో దసరా సెలవులు మాకు ఎక్కువ. దానికి నా సెలవు కలిపితే నెల అవుతుంది. ఆ నెల నేను విజయనగరంలో, అక్క హైదరాబాద్‌లో. బయలుదేరే రోజు మాత్రల డబ్బా, బీరువా తాళాలు నా చేతిలో పెట్టింది. ఏ గంటకు ఏ మాత్రో కాగితం మీద రాసి గోడకు అంటించి ఉంది. ఆటో ఎక్కుతూ, “ఇంక నీదేరా. నేను ఫోన్ చేస్తే అమ్మ ఏం తిందో చెప్పకు, మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పు” అంది.